విరగని పాలు, తడవని అచ్చు: లేటెక్సు వస్తువుల తయారీలో స్థిరత్వ, తడుపు సమస్యల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రబ్బరు చరిత్ర గ్రంథాలు సాధారణంగా మూడు ఘట్టాల చుట్టూ తిరుగుతాయి. 1823లో చార్లెస్ మాకింటోష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల నడుమ పూసి, నీరు చొరని వస్త్రాన్ని తయారుచేయడం మొదటిది. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి వల్కనీకరణ పద్ధతిని కనుగొనడం రెండవది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి సుమారు 70,000 హీవియా విత్తనాలను లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేర్చడం మూడవది. ఈ మూడు కథల్లోనూ రబ్బరు ముద్దగానో విత్తనంగానో కనిపిస్తుంది. చెట్టు గాటు నుంచి కారే తెల్లని పాలుగా మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇది చిన్న లోపం కాదు. చేతొడుగు, బుడగ, కండోము, పాలపీక వంటి పలుచని వస్తువులకు పాలే అత్యంత అనువైన ముడిసరుకు. అచ్చును పాలలో ముంచి, తీసి, ఆరబెడితే పొర తయారవుతుంది. అమెజాన్ ప్రాంత ఆదివాసులకు ఈ విద్య ఐరోపావారు రాకముందే తెలుసు. అయినా ఐరోపా, అమెరికా పరిశ్రమలు దాదాపు వందేళ్లపాటు ఎండిన రబ్బరును కొని, యంత్రాలతో నలిపి, మండే ద్రావణుల్లో కరిగించి, ఆ జిగురులో అచ్చులు ముంచాయి. ఎందుకు? పాలు విరిగిపోతాయి కనుక. చెట్టు నుంచి కారిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టే ద్రవం మూడు నెలల ఓడ ప్రయాణాన్ని తట్టుకోలేదు.

లేటెక్సు పరిశ్రమ చరిత్రను నడిపించినది రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తొట్టిలో ఉన్నంతసేపు పాలు విరగకూడదు. అచ్చును తాకిన క్షణంలో మాత్రం అది అచ్చంతా పరచుకుని, వెంటనే గట్టిపడాలి. మొదటిది స్థిరత్వ సమస్య, రెండవది తడుపు సమస్య. ఒకదానికి వేసిన మందు రెండవదాన్ని చెడగొడుతూ వచ్చింది. ప్రతి పరిష్కారమూ కొంత ప్రమాదాన్ని ఒకరి శరీరం మీద నుంచి తీసి మరొకరి శరీరం మీద పెట్టింది. సాంకేతిక చరిత్రలో సాధారణంగా చోటు దొరకని ఈ రెండవ అంశమే ఈ వ్యాసానికి ప్రేరణ.

పరిభాష గురించి ఒక మాట. రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో కొల్లాయిడ్ కణాలు ముద్దకట్టడాన్ని 'స్కందనం' అంటాం. ఇళ్లలో పాలు విరగడం, తోడుకోవడం, మీగడ కట్టడం అనే మూడు మాటలున్నాయి. లేటెక్సు విషయంలో ఈ మూడూ మూడు వేరువేరు ప్రక్రియలకు సరిగ్గా సరిపోతాయి. అనుకోకుండా జరిగేది విరగడం, కావాలని చేసేది తోడుపెట్టడం, తేలికైన రబ్బరు కణాలు పైకి చేరడం మీగడ కట్టడం. శాస్త్రీయ పదం ఒక్కటే ఉన్నచోట వంటింటి భాష మూడు భేదాలు చూపింది. అందుకే ఈ వ్యాసంలో ఆ మాటలనే వాడుతున్నాను.

అడవిలో లేని సమస్య

మెక్సికోలోని ఎల్ మనాటీ ఊటనేలలో దొరికిన రబ్బరు బంతులు క్రీస్తుపూర్వం 1600 ప్రాంతానివి. కాస్టిల్లా చెట్టు పాలలో ఒక జాతి తీగ రసం కలిపి ఆ ప్రజలు రబ్బరును తోడుపెట్టేవారని, ఆ రసం వల్ల రబ్బరు సాగేగుణం కూడా మెరుగుపడేదని 1999లో డొరోతీ హాస్లర్, ఆమె సహపరిశోధకులు ప్రకటించారు. ఆ తీగ రాత్రి పూసే తెల్లపూల ఐపోమియా. మన తూటి తీగకు దగ్గరి బంధువు. అమెజాన్‌లో పద్ధతి వేరు. మట్టి అచ్చు మీద తాజా పాలు పోసి, తాళజాతి కాయలను కాల్చిన పొగలో తిప్పి, పొర ఆరగానే మళ్లీ పాలు పోసి, చివరికి లోపలి మట్టిని పగలగొట్టి తీసేవారు. పొగలోని ఆమ్లాలు పాలను తోడుపెట్టేవి. పొగే కుళ్లు పట్టకుండా కాపాడేది. 18వ శతాబ్ది మధ్యలో లా కొండమీన్ పారిస్ విజ్ఞాన అకాడమీకి వివరించిన సీసాలు, పాదరక్షలు ఇలా తయారైనవే.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆదివాసి కారుడికి స్థిరత్వ సమస్య లేదు. చెట్టు పక్కనే ఉంది. పాలు తాజాగానే దొరుకుతాయి. ముడిసరుకు పుట్టే చోటికీ వస్తువు తయారయ్యే చోటికీ మధ్య సముద్రం వచ్చినప్పుడే అది సమస్య అయింది. లేటెక్సు విరగడం ప్రకృతి ధర్మమే కాని, దాన్ని పారిశ్రామిక సంక్షోభంగా మార్చింది వలస వాణిజ్యపు భూగోళం.

ఐరోపావారికి ఈ సంగతి తెలియక కాదు. ఇంగ్లండు రబ్బరు పరిశ్రమకు ఆద్యుడైన థామస్ హాంకాక్ 1820లలోనే పాలను నేరుగా వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. కాని పాలు చెడకుండా, తగినంత పరిమాణంలో చేరే మార్గం లేక ఆ దారి మూసుకుపోయింది. 1853లో జాన్సన్ పేరిట నమోదైన పేటెంటులో అమోనియా కలిపితే పాలు నిలువ ఉంటాయన్న సూచన ఉంది. అంటే నేటికీ ప్రపంచమంతటా వాడుతున్న నిలువ మందు అప్పటికే కాగితం మీద ఉంది. అయినా మరో 70 ఏళ్లు అది పెద్దగా అక్కరకు రాలేదు. అడవి చెట్ల నుంచి చెదురుమదురుగా సేకరించే పాలను పీపాల్లో నింపి, సరిగ్గా కొలిచి అమోనియా కలిపి, ఒకే నాణ్యతతో రేవుకు చేర్చగల వ్యవస్థ అమెజాన్‌లో లేదు. తోటలు వచ్చాకే ఆ వ్యవస్థ వచ్చింది.

ద్రావణుల యుగం, దాని మూల్యం

పాలు రాలేదు కనుక ముద్ద వచ్చింది. ముద్దను కరిగించడానికి నాఫ్తా, బెంజీన్, కార్బన్ డైసల్ఫైడు కావలసివచ్చాయి. 1846లో అలెగ్జాండర్ పార్క్స్ కనిపెట్టిన చల్లని వల్కనీకరణలో పలుచని రబ్బరు వస్తువులను సల్ఫర్ క్లోరైడు కలిపిన కార్బన్ డైసల్ఫైడులో ముంచేవారు. పారిస్‌లోని చిన్నచిన్న గదుల్లో ఇలా బుడగలు, కండోములు తయారుచేసే కార్మికులను పరీక్షించిన వైద్యుడు ఆగస్ట్ డెల్పెష్ 1856లో ఒక కొత్త వ్యాధిని వర్ణించాడు. తలనొప్పి, మితిమీరిన ఉద్రేకం, ఆపైన మతిమరుపు, కాళ్లు చేతుల నీరసం, దాంపత్య శక్తి క్షీణత దాని లక్షణాలు. 1902లో థామస్ ఆలివర్ సంకలనం చేసిన ప్రమాదకర వృత్తుల గ్రంథం ఇంగ్లండు రబ్బరు కార్మికుల్లోనూ ఇదే ఉన్మాదాన్ని నమోదు చేసింది. మత్తెక్కిన కార్మికులు దూకకుండా కిటికీలకు ఊచలు బిగించిన కర్మాగారం ప్రస్తావన అందులోదే.

లేటెక్సు స్థిరత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఊచలను మరచిపోకూడదు. నీటిలో తేలియాడే రబ్బరు కణాలకు ద్రావణి అక్కరలేదు. పాలు విరగకుండా ఓడ దిగి ఉంటే ఆ గదుల్లో ఆ ఆవిరి ఉండేదే కాదు.

ప్రసంగవశాత్తు మరొకటి. శస్త్రచికిత్సలో రబ్బరు చేతొడుగుల ప్రవేశాన్ని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో 1889-90 శీతకాలానికి ముడిపెట్టడం పరిపాటి. పాదరస క్లోరైడు వల్ల చేతులు పుండ్లు పడిన నర్సు కరొలైన్ హాంప్టన్ కోసం విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీ చేత చేతొడుగులు చేయించాడు. వీటిని నేటి రచనల్లో 'లేటెక్సు చేతొడుగులు' అని రాయడం కాలవిరుద్ధ ప్రయోగం. పాలలో ముంచి చేసే పద్ధతి పరిశ్రమలో స్థిరపడడానికి అప్పటికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది.

తోటలు, అమోనియా, కణాల చలనచిత్రం

విచిత్రమేమిటంటే తోటల్లో శాస్త్రీయంగా మొదట అధ్యయనం చేసింది పాలను కాపాడడాన్ని కాదు, తోడుపెట్టడాన్ని. 19వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో సింహళంలో జాన్ పార్కిన్ అసిటిక్ ఆమ్లంతో పాలను శుభ్రంగా తోడుపెట్టవచ్చని చూపాడు. షీటు రబ్బరు పరిశ్రమకు అది పునాది. ఆమ్లం ఎందుకు పనిచేస్తుందన్నది తేల్చడానికి కొల్లాయిడ్ శాస్త్రం కావలసివచ్చింది. పారిస్‌లో విక్టర్ హెన్రీ 1906 నుంచి లేటెక్సు మీద ప్రయోగాలు చేసి, 1908లో సూక్ష్మదర్శినికి చలనచిత్ర యంత్రాన్ని జోడించి రబ్బరు కణాల బ్రౌనియన్ చలనాన్ని చిత్రీకరించాడు. ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని పరీక్షించే తొలి ప్రయత్నాల్లో రబ్బరు పాలు ఒక సాధనమైన సంగతి భౌతికశాస్త్ర చరిత్రకారులకు తెలిసినంతగా రబ్బరు చరిత్రకారులకు తెలియదు.

ఆ పరిశోధనల నుంచి తేలిన చిత్రం స్థూలంగా ఇది. పాలలో 30 నుంచి 40 శాతం రబ్బరు ఉంటుంది. అది మైక్రాన్ పరిమాణపు గోళాలుగా నీటిలో తేలుతుంది. ప్రతి గోళం చుట్టూ ప్రోటీన్లు, ఫాస్ఫోలిపిడ్ల పలుచని తొడుగు ఉంటుంది. ఆ తొడుగు రుణావేశం గలది. ఒకే ఆవేశం గల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక పాలు పాలుగా ఉంటాయి. గాలిలోని సూక్ష్మజీవులు చక్కెరలను ఆమ్లంగా మార్చగానే ఆవేశం తగ్గి కణాలు కలిసిపోతాయి. అమోనియా రెండు పనులు చేస్తుంది. సూక్ష్మజీవులను అణచివేస్తుంది, క్షారత్వాన్ని పెంచి ఆవేశాన్ని నిలబెడుతుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మలయా, సుమత్రా తోటల నుంచి అమోనియా కలిపిన పాలు ఓడల్లో బయలుదేరాయి.

మరో చిక్కు: సగానికి పైగా నీరే ఉన్న సరుకును ఓడల్లో మోయడం దండగ. 1920లలో దీనికి మూడు విరుగుడులు వచ్చాయి. ఉటెర్‌మార్క్ పద్ధతిలో వెన్న తీసినట్టే అపకేంద్ర యంత్రంలో పాలను తిప్పి 60 శాతం రబ్బరు గల చిక్కని భాగాన్ని వేరుచేశారు. ట్రౌబే పద్ధతిలో సముద్రపు పాచి జిగురు కలిపి మీగడ కట్టించారు. మూడవది, ఎర్నస్ట్ హౌజర్ పేరుతో ముడిపడిన ఆవిరి పద్ధతి, స్థిరీకరించిన పాలను ఇంకబెట్టడం. అపకేంద్ర పద్ధతి మిగిలిన రెండింటినీ దాదాపు తుడిచిపెట్టింది.

ఈ సాంద్ర లేటెక్సులో పరిశోధకులను అబ్బురపరచిన లక్షణం ఒకటుంది. ఆవుపాలు నిలువ ఉన్నకొద్దీ చెడతాయి. అమోనియా లేటెక్సు నిలువ ఉన్నకొద్దీ గట్టి స్థిరత్వం పొందుతుంది. అమోనియా ప్రభావంతో కణాల మీది ఫాస్ఫోలిపిడ్లు విచ్ఛిన్నమై కొవ్వు ఆమ్లాల సబ్బులుగా మారతాయి. ఆ సబ్బులు కణాల మీద చేరి వాటిని కాపాడతాయి. అందుకే తయారైన వెంటనే గాక మూడు నాలుగు వారాల తర్వాత లేటెక్సును వాడడం ఆనవాయితీ అయింది. పాలలో సహజంగా ఉండే మెగ్నీషియం ఆ సబ్బులను పనికిరాకుండా చేస్తుంది. దాన్ని ఫాస్ఫేటుతో మడ్డిగా అడుగుకు దించి తీసేస్తారు. స్థిరత్వాన్ని కొలిచే పరీక్ష కూడా మోటుగానే ఉంటుంది. లేటెక్సును నిమిషానికి 14,000 చుట్లు తిరిగే కవ్వంతో చిలికి, ఎన్ని సెకన్లకు పలుకులు పడతాయో చూస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 650 సెకన్లు తట్టుకోవాలి.

అయితే కర్మాగారంలో లేటెక్సుకు ఎదురయ్యే శత్రువు కవ్వం ఒక్కటే కాదు. వల్కనీకరణకు గంధకంతోపాటు జింకు ఆక్సైడు తప్పనిసరి. అమోనియా జింకును కొంత కరిగించి జింకు-అమ్మీన్ అయాన్లుగా మారుస్తుంది. అవి రక్షక సబ్బులను కరగని జింకు సబ్బులుగా మార్చివేస్తాయి. ఫలితంగా తొట్టిలో లేటెక్సు రోజురోజుకూ చిక్కబడి, వేసవిలో ఒక ఉదయాన పెరుగులా కనిపిస్తుంది. పాలను నిలిపిన అమోనియాయే ఇక్కడ పాలను విరగగొట్టే జింకుకు దారి తీసిందన్నమాట. దీనికి విరుగుడుగా పొటాషియం హైడ్రాక్సైడు, లారేటు సబ్బు, కేసీన్ కలపడం అలవాటైంది. కేసీన్ ఆవుపాలలోని ప్రోటీన్. చెట్టు పాలను కాపాడడానికి పశువు పాలు పనికివచ్చాయి. తర్వాత జింకు గాని కాల్షియం గాని తాకలేని అయానేతర స్థిరీకారులు వచ్చాయి. అక్కడి నుంచే తడుపు సమస్య ముదిరింది.

అచ్చు మీద ఏమి జరిగింది

ద్రవం ఘనతలం మీద పరచుకోవడానికి గల నియమాన్ని 1805లోనే థామస్ యంగ్ స్పర్శకోణం ద్వారా వివరించాడు. ఘనతలపు శక్తి ఎక్కువగా, ద్రవపు తలతన్యత తక్కువగా ఉంటే ద్రవం పరచుకుంటుంది. లేదంటే తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. శుభ్రమైన గాజును గాని పింగాణీని గాని లేటెక్సు బాగానే తడుపుతుంది. చిక్కంతా 'శుభ్రమైన' అన్న మాటలో ఉంది. వేలిముద్రలోని జిడ్డు, కందెన నూనె తుంపర, క్రితం వరుసలో మిగిలిన పొడి, ఇవి అణువంత ఉన్నా చాలు. అక్కడ పొర ముడుచుకుని గుండ్రని పలుచని మచ్చ పడుతుంది. కార్మికులు దాన్ని చేపకన్ను అంటారు. ఆ కన్ను మధ్య సూదిబెజ్జం ఉంటే బుడగకు నష్టం అణా. కండోముకు, శస్త్రచికిత్స చేతొడుగుకు నష్టం అలా లెక్కకట్టగలిగినది కాదు.

ముంచే పద్ధతులు రెండు దారుల్లో పరిణమించాయి. కండోములకు గాజు అచ్చును నేరుగా లేటెక్సులో ముంచి ఆరబెట్టే పద్ధతి నిలిచింది. అంటే గాజును తడపవలసింది లేటెక్సే. 1920ల ఆరంభంలో ఫిలిప్ షిడ్రోవిట్జ్ పాలను పాలుగానే ఉంచి వల్కనీకరించే పద్ధతిని సాధించాక ఈ దారి సుగమమైంది. అమెరికాలో అక్రన్ నగరంలో ఫ్రెడరిక్ కిలియన్ వరుస అచ్చుల యంత్రాన్ని నిర్మించాడు. ఇంగ్లండులో లండన్ రబ్బర్ కంపెనీ, లూసియన్ లాండావ్ అనే యువ రబ్బరు సాంకేతికుని సాయంతో 1932లో సొంతంగా లేటెక్సు కండోముల తయారీ ప్రారంభించింది. ప్రతి అచ్చునూ రెండుసార్లు ముంచడంలోని తర్కం సరళమైనది. మొదటి పొరలో బెజ్జం పడినా, రెండవ పొరలో సరిగ్గా అదే చోట బెజ్జం పడే అవకాశం అతి స్వల్పం. తడుపు లోపాన్ని రసాయనంతో పూర్తిగా తొలగించలేక సంభావ్యతతో జయించారన్నమాట.

చేతొడుగులకు కావలసిన మందం నేరుగా ముంచితే రాదు. ఇక్కడ దారి విద్యుత్తు ద్వారా వచ్చింది. రుణావేశ కణాలు ధనధ్రువం వైపు కదులుతాయి కనుక లోహానికి పూత పూసినట్టే రబ్బరు పూత పూయవచ్చని బుడాపెస్టులో పాల్ క్లైన్, అమెరికాలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ కొడాక్ శాస్త్రవేత్త షెపర్డ్ 1920లలో చూపారు. ఆ పద్ధతి కోసం పెట్టిన సంస్థ పేరే 'ఆనోడ్'. కాని విద్యుత్తుతో పనిలేకుండా, అచ్చు మీద కాల్షియం లవణపు పూత ఉంటే చాలని త్వరలోనే అర్థమైంది. రెండు ధనావేశాలు గల కాల్షియం అయాన్లు అచ్చు నుంచి బయటికి విస్తరిస్తూ, తాకిన కణాలనల్లా తోడుపెడతాయి. విస్తరణకు ఎంతసేపు ఇస్తే పొర అంత మందం. విద్యుత్ పద్ధతి వెనుకబడింది; కాల్షియం నైట్రేటు నిలిచింది.

తొలిరోజుల్లో ఆ లవణాన్ని ఆల్కహాలులో కరిగించేవారు. ఆల్కహాలు తలతన్యత తక్కువ. ఏ అచ్చునైనా తడుపుతుంది, క్షణంలో ఆరుతుంది. కాని అది ఖరీదైనది, మండేది. ఖర్చు, అగ్నిభయం రెండూ తగ్గించుకోవడానికి పరిశ్రమ నీటి ద్రావణానికి మారింది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. లవణం దాన్ని మరికొంత పెంచుతుంది. ఒక్క మార్పుతో తడుపు సమస్య ముందుకొచ్చింది. మామూలు సబ్బు వేద్దామంటే కాల్షియంతో కలిసి పిండిలా విరుగుతుంది. అందువల్ల అయానేతర తడుపు మందు కావలసివచ్చింది. అది చుక్కలు పడకుండా పింగాణీని చక్కగా తడిపింది. అయితే అచ్చుతో పాటు కొద్దికొద్దిగా లేటెక్సు తొట్టిలోకీ చేరింది. అక్కడ అది కాల్షియానికి లొంగని స్థిరీకారి! వారం గడిచేసరికి అదే కాల్షియం, అదే సమయం, పొర మాత్రం పలుచన. పైగా నురుగు. నురుగు బుడగ పొరలో చిక్కి పగిలితే మళ్లీ బెజ్జం. వేళ్ల సందుల్లో సాలెగూడులాంటి పొర నిలిచి పగిలితే అక్కడా బెజ్జం. నురుగు తగ్గించే మందులు ఎక్కువగా నూనె లేదా సిలికాను జాతివి. వాటి మోతాదు మించితే చేపకన్ను.

తడుపు కోసం వేసినది స్థిరత్వాన్ని పెంచి పొరను తగ్గించడం, నురుగు కోసం వేసినది తడుపును చెడగొట్టడం అనే ఈ చక్రం నుంచి బయటపడే రహస్య మందేదీ చరిత్రలో కనిపించదు. పరిశ్రమ నేర్చుకున్నది మందుల వరుసను తిరగవేయడం: ముందు అచ్చును ఆమ్లంతో, క్షారంతో, బ్రష్షుతో కడుగు, వేడి నీటితో తొలిచి, అచ్చును 50-60 డిగ్రీల దగ్గర ఉంచు, నెమ్మదిగా ముంచి, నెమ్మదిగా ఎత్తు, ఆపైన అచ్చును తిప్పు. ఇవన్నీ చేశాక ఇంకా అవసరమైతేనే తడుపు మందు, అదీ కనీస మోతాదు. డి. సి. బ్లాక్లీ 1966లో ప్రచురించిన లేటెక్సుల బృహద్గ్రంథం రసాయనానికి ఇచ్చినంత చోటు ఈ మెలకువలకు ఇవ్వలేదు. అవి ఫోర్‌మన్‌ల నోళ్లలోనే నిలిచాయి. చరిత్రకారుడికి ఆధారాలు కరవైన చోటు ఇదే.

బుడగల చరిత్రలో మరో పేరు చెప్పుకోవాలి. 1931లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో నీల్ టిలట్‌సన్ అనే యువకుడు అట్టను పిల్లి తల ఆకారంలో కత్తిరించి లేటెక్సులో ముంచి బుడగ చేశాడు. అట్ట నీటిని పీల్చుకుంటుంది. తడుపు సమస్య అక్కడ తలెత్తదు. ఈయన ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ప్రమాదం చేతులు మారిన వైనం

1987లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, ఎయిడ్స్ భయం నేపథ్యంలో, ప్రతి రోగి రక్తాన్నీ సంక్రమణ గలదిగానే భావించి చేతొడుగులు ధరించాలని సూచించింది. గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. మలేసియాలో చేతొడుగుల కర్మాగారాలు త్వరత్వరగా వెలిశాయి. హడావిడిలో కోతపడినది ఏమిటంటే, పొరలోని నీటిలో కరిగే పదార్థాలను వేడినీటితో తొలిచే దశ. కణాలను ఇన్నాళ్లూ కాపాడిన తొడుగులోని ప్రోటీన్లు ఆ పదార్థాల్లో ముఖ్యమైనవి. లేటెక్సు ప్రోటీను వల్ల తక్షణ దద్దుర్లు వచ్చిన కేసును 1979లోనే ఒక బ్రిటిష్ చర్మవైద్యుడు నమోదు చేశాడు. 1991లో అమెరికా ఆహార ఔషధ సంస్థ లేటెక్సు వైద్య పరికరాల వల్ల తీవ్ర అలర్జీ రావచ్చని హెచ్చరిక జారీచేసింది. చేతొడుగు సులువుగా ఊడిరావడానికి వేసే పిండి పొడి ఆ ప్రోటీన్లను అంటించుకుని గాలిలో ఎగిరి, చేతొడుగు వేసుకోనివారి ఊపిరితిత్తుల్లోకీ చేరింది. పొడి పూసిన చేతొడుగులను అదే సంస్థ నిషేధించింది; ఆ నిషేధం 2017 జనవరిలో అమల్లోకి వచ్చింది.

ద్రావణుల యుగంలో రోగి సురక్షితం, కార్మికుడు కాదు. లేటెక్సు యుగంలో కార్మికుడికి కార్బన్ డైసల్ఫైడు బెడద తప్పింది. నర్సుకు, పదేపదే శస్త్రచికిత్సలు జరిగే పిల్లలకు కొత్త బెడద వచ్చింది. నిలువ మందుల చరిత్రలోనూ ఇదే తీరు. అమోనియా వాసన, మోతాదు తగ్గించడానికి ఒక దశలో సోడియం పెంటాక్లోరోఫినేటు వాడి, విషప్రభావం వల్ల వదిలేశారు. దాని స్థానంలో 1970లలో మలేసియా రబ్బరు పరిశోధన సంస్థ ముందుకు తెచ్చిన థయురామ్, జింకు ఆక్సైడు జంట 0.2 శాతం అమోనియాతో పని జరిపించింది. తర్వాత అదే థయురామ్ నైట్రోసమీన్లకు మూలమన్న ఆక్షేపణ ఎదుర్కొంది. ఇందులో ఎవరి దుర్మార్గాన్నో వెతకడం తొందరపాటు. కణం చుట్టూ ఏదో ఒక తొడుగు లేనిదే లేటెక్సు లేదు. ఆ తొడుగు చివరికి ఎవరి చర్మానికో తాకక తప్పదు.

1990లలో నైట్రైల్ చేతొడుగు వచ్చింది. దాన్ని ఒకసారి వాడి పారవేసే రూపానికి తెచ్చి పేటెంటు పొందిన సంస్థ పిల్లి తల బుడగ చేసిన టిలట్‌సన్‌దే. నైట్రైల్ కూడా లేటెక్సే. అయితే చెట్టు ప్రోటీన్లకు బదులు కృత్రిమ సబ్బులతో నిలబడిన లేటెక్సు. అందులోనూ కాల్షియం, తడుపు, నురుగు లెక్కలు అవే. మోతాదులు మాత్రం ప్రకృతికి వదిలేయక మనిషి నిర్ణయిస్తాడు.

మన దేశం, మన ప్రాంతం

1960లలో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణకు కండోములను ఒక సాధనంగా ఎంచుకుంది. 1968లో విదేశాల నుంచి తెప్పించిన సరుకుతోనే 'నిరోధ్' విడుదలైంది. మూడింటి పొట్లం 15 పైసలు. బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్ వంటి సంస్థల టీ, సబ్బు బండ్లే దాన్ని తెలుగు పల్లెల కిరాణా కొట్లకూ చేర్చాయి. దేశీయ తయారీకి 1966లో హిందుస్థాన్ లేటెక్స్ సంస్థ ఏర్పడింది. జపాన్‌కు చెందిన ఒకమోటో సాంకేతిక సహకారంతో తిరువనంతపురం పేరూర్కడలో 1969లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఏడాదికి 14.4 కోట్లు దాని తొలి సామర్థ్యం. కర్మాగారం కేరళలోనే ఎందుకన్న ప్రశ్నకు రాజకీయ సమాధానాలు ఏమున్నా, రసాయన సమాధానం ఒకటుంది: దేశంలో రబ్బరు పాలు ఎక్కువగా ఉన్నది అక్కడే. అమెజాన్ కారుడిలాగే కర్మాగారం చెట్టు దగ్గరికి వెళ్లింది.

గోదావరి మన్యంలో మారేడుమిల్లి, రంపచోడవరం ప్రాంతాల్లో రబ్బరు తోటలు కొంత మేర పెరిగాయి. కేరళ నుంచి ఇంత దూరంలోని రైతు ముందు ప్రతి ఉదయం ఉండే ప్రశ్న 1820ల నాటి హాంకాక్ ప్రశ్నే. తెల్లవారకముందే గాటు పెట్టిన చెట్టు నుంచి పాలు చిప్పలోకి చేరతాయి. అపకేంద్ర కర్మాగారం అందుబాటులో ఉంటే ఆ పాలలో అమోనియా పడుతుంది. పాలు పాలుగానే అమ్ముడై, చేతొడుగు అవుతాయి. లేకపోతే మధ్యాహ్నానికల్లా రేకు పళ్లెంలో పోసి, నీరు కలిపి, ఫార్మిక్ ఆమ్లంతో తోడుపెట్టి, రోలర్ల మధ్య నలిపి, పొగగదిలో ఆరవేయాలి. అప్పుడది షీటు, చేరేది టైర్ల కంపెనీకి. ఏ సీసా మూత తీయాలో ఎండ ఎక్కేలోపే తేలిపోవాలి.